మానుకున్న పని

మేడం పోయారు. కరీంనగర్‌లో ఆమె అద్దెకుండే ఇంటి ఓనరమ్మ మొన్న పొద్దున ఫోన్ చేసి, "మీ మేడం పోయింది బిడ్డా. ఆయాసమొస్తుందని దవాఖానకు తీస్కపోతుంటే ఆటోలనే పానం పోయింది" అన్నది. నేను అప్పుడు మంచిర్యాల కాలేజీలో క్లాసు చెప్పడానికి వెళ్లబోతున్నాను. మనుషుల్ని ఎలా అడగాలో నాకు నేర్పింది మేడమే. ఆమె గురించి అడగడానికి మాత్రం నాకు ఒక్క ప్రశ్నా తోచలేదు.

వైద్యం ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు, ఎందుకు అందదు అన్నది ఆమె పరిశోధన. ముప్పై ఏళ్లు అదే పని. నేను ఆమె సర్వేకి చేరినప్పుడు నా దగ్గరున్నవి పీజీ పట్టా, కొత్త చెప్పులు, బోలెడంత తొందర.

మొదటి వారమే తప్పు చేశాను. నేత కార్మికుల వాడలో ఒకాయన, యాభై దాటిన మనిషి, మరమగ్గం, వాళ్ల మాటలో సాంచా, ఆపి వచ్చి కూర్చున్నాడు. ఈ నెలలో ఏమైనా జబ్బు చేసిందా అని ఫారంలో ఉన్నది ఉన్నట్టు అడిగాను. "జబ్బా? నాకేం జబ్బు? మంచిగనే ఉన్న" అన్నాడు. 'లేదు' దగ్గర టిక్కు పెట్టి లేచాను. పక్కింటి అరుగు మీద నుంచి మా మాటలు విన్న మేడం, బస్సులో ఆ ఫారం చూశారు.

"ఆయన దగ్గుకుంటనే చెప్పిండు గదా, నువ్వేం రాసినవ్?"

"లేదన్నడు మేడం. నేనేం చెయ్యాలె?"

తిట్టలేదు. తిడితే బాగుండేది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికే పోయారు. కుర్చీ వేస్తే వద్దని కిందే కూర్చున్నారు. ఎవరింటికి పోయినా అంతే. చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, మెల్లగా అడిగారు.

"అన్నా, ఇదివరకు చేసి ఇప్పుడు మానుకున్న పని ఏమన్న ఉన్నదా?"

ఆయన నవ్వాడు. "ఏమున్నది మేడం... సాంచాల కాడ పాటలు పాడుతుంటి. గా చప్పుడుల గూడ నా గొంతు ఇనవడుతుండె. ఇప్పుడు పాడుతలేను. దమ్ము సరిపోతలేదు."

"గదేం జబ్బు? అందరికున్నదే" అన్నది లోపలినుంచి వాళ్లావిడ.

మేడం తన ఫారం మీద పెన్సిల్‌తో ఆ ప్రశ్న రాసుకున్నారు. అప్పట్నుంచి మా ఫారాలన్నింటిలో జబ్బు గురించిన ప్రశ్న కింద ఆ ప్రశ్న ఉండేది. అంతకుముందు మా కాగితాలు చూస్తే ఉన్నవాళ్ల కాలనీలోనే రోగాలెక్కువ, నేతవాడలో అందరూ దుక్కలా ఉన్నారు! ఆ కాగితాలు నమ్మితే డాక్టర్ని ఎక్కడికి పంపుతారో చెప్పనక్కర్లేదు. "ఉన్నోళ్లకు తుమ్మినా జబ్బే. లేనోళ్లకు మంచం పట్టినంకనే జబ్బు. మనం అడిగేటప్పుడు గది యాదిలుండాలె" అనేవారు.

ఆదిలాబాద్ అడవి పక్క గూడెంలో ఒక పెద్దావిడను దవాఖాన ఎంత దూరమని అడిగితే, "వాగు ఉన్నప్పుడా, లేనప్పుడా?" అని ఎదురు ప్రశ్న వేసింది. మేడం పట్టలేని సంతోషంతో నా వీపు చరిచి, ఫారంలో దూరం గడిని అడ్డంగా గీసి రెండు చేశారు. ఎవరైనా తన ప్రశ్న తప్పని చెబితే ఆమెకు పండగే.

మేడం పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చి, రోజూ తెల్లారకముందే డ్యామ్ కట్ట మీద నడక. ఎముకలు కొరికే చలిలోనూ మానేవారు కాదు. మానమంటే, "స్వెట్టర్ ఎందుకున్నది మరి?" అనేవారు.

క్రిస్మస్‌కు ముందు ఫోన్ చేశాను. ఎట్లున్నరు మేడం అంటే, "నాకేంది, మంచిగనే ఉన్న. కట్ట మీదికే పోతలేను. చలి గదా" అన్నారు. అవును మేడం, ఈసారి చలి బాగా ఉంది అన్నాను. తర్వాత నా ప్రమోషన్ సంగతి చెప్పుకున్నాను. ఓపిగ్గా విన్నారు.

అడక్కుండానే ఆమె ఫారంలోని ఆ రెండో ప్రశ్నకు జవాబిచ్చారు. నేను మళ్లీ 'లేదు' దగ్గరే టిక్కు పెట్టాను. ఈ మాట చెప్పుకుని తిట్టించుకుందామన్నా ఇప్పుడు ఎవరూ లేరు.

సమాధి దగ్గర పదిహేను మందిమి ఉన్నాం. పాట అయ్యాక అందరూ వెళ్లిపోయారు. ఓనరమ్మ తాళం చెవి ఇస్తే పైన మేడం గదికి వెళ్లాను. గదిలో ఫారాల కట్టలు, మొద్దుబారిన పెన్సిళ్లు. తలుపు పక్కన ఆమె నడక బూట్లు. ఉతికి, ఆరబెట్టి, లేసులు లోపలికి దోపి, పాత పేపరు మీద పెట్టి ఉన్నాయి. బూట్లు తీసి పేపరు చూశాను. దసరా నాటి పేపరు, ఇంకా చలి మొదలుకాని రోజులది. బూట్ల అడుగున్నంత మేర కాగితం తెల్లగా ఉంది, చుట్టూ పచ్చబడింది.

వాటిని మళ్లీ ఆ తెల్లని చోటే పెట్టి, కిందే కూర్చున్నాను.