ఎంటర్ కొడితే ఎటు పోవాలి?

షార్ట్‌కట్ బాబాయ్ మౌస్ ముట్టుకోగా చూసినవాళ్లు ఆ ఆఫీసులో లేరు. ప్రోగ్రాము రాసినా, మెయిలు చదివినా అన్నీ షార్ట్‌కట్లే, అదీ ఎడమ చేత్తోనే. కుడి చెయ్యి ఎప్పుడూ ప్యాంటు నడుము పట్టుకుని ఉంటుంది. ఆ ప్యాంటులో ఇంకో బాబాయ్ సుఖంగా కాపురం ఉండొచ్చు.

"బెల్టు పెట్టుకోవచ్చుగా బాబాయ్?" అని ఎవరైనా అంటే, "బస్తా మూతి కట్టినట్టుంటుందిరా. నాకు గాలాడాలి" అనేవాడు.

ఓసారి మేనేజరు షేక్‌హ్యాండు ఇవ్వబోతే ఆఫీసంతా ఊపిరి బిగబట్టింది. బాబాయ్ ఎడమ చేత్తో సెల్యూట్ కొట్టి గండం గట్టెక్కాడు.

ఆ ఆఫీసులో ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడానికి ఓ కొత్తమ్మాయి చేరింది. బట్టలు కుట్టే దుకాణం కోసం బాబాయ్ రాసిన కొలతల పట్టిక ఆమెకి మొదటి పని. మనిషికో వరుస, కొలతకో గడి. శుక్రవారం దుకాణం ఓనరు సరేనని సంతకం పెడితేనే ఆమె ఉద్యోగం ఖాయం.

"బాబాయ్, ఎంటర్ కొడితే కింది గడికి పోవాలి కదా. పక్క గడికి పోతోంది."

"పోనీ."

"మరి కిందికి పోవాలంటే?"

"కంట్రోల్ డి."

"పైకి?"

"కంట్రోల్ ఇ."

"బాణం మీటలున్నాయిగా, వాటికేం రోగం?"

"అవి కుడివైపున్నాయమ్మా. దూరాభారం."

ఆమె తప్పుల జాబితాలో రాసింది. బాబాయ్ దాని కింద 'ఇది తప్పు కాదు' అని రాసి కొట్టేశాడు. ఆమె మళ్లీ రాసింది. ఆయన మళ్లీ కొట్టేశాడు. శుక్రవారానికి ఆ లెక్క పదకొండుకి చేరింది.

దుకాణంలో బాబాయ్ వాలకం చూసి ఓనరు, "కడుపునొప్పా అండీ?" అన్నాడు.

"కొంచెం" అన్నాడు బాబాయ్, నడుము ఇంకాస్త గట్టిగా పట్టుకుని.

ఓనరు కూర్చుని ఎంటర్ కొట్టాడు. "ఇదేంటమ్మా, పక్కకి పోతోంది? మాకు కిందికి పోవడమే అలవాటు."

కొత్తమ్మాయి బాబాయ్ వైపు తిరిగింది. "చెప్పండి బాబాయ్" అని గొణిగింది. బాబాయ్ ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు.

"ఒక్క నిమిషం సార్" అంటూ కొలతలు తీసే అక్క ముందుకొచ్చింది. కుడి చేతిలో టేపు వదలకుండా, ఎడమ చేత్తో మీటలు నొక్కుతూ దుకాణానికొచ్చిన పదిమందిని వరసగా కొలిచేసింది. మధ్యలో రెండుసార్లు అలవాటుకొద్దీ ఎంటర్ కొట్టినా, కొలత బుద్ధిగా పక్క గడిలోనే కూర్చుంది. ఓనరు ఒక్కో గడీ సరిచూసి, మారుమాట్లాడకుండా సంతకం పెట్టేశాడు.

బయటికొస్తుంటే కొలతలక్క కొత్తమ్మాయిని పక్కకి లాగింది.

"టేపు వదిలితే మనిషి కదిలిపోతాడు కదమ్మా. మీ బాబాయ్‌గారు మూడ్రోజులు నా పక్కన కూర్చుని అదే చూశారు." గొంతు తగ్గించింది. "పాత ప్రోగ్రాములో ఎంటర్ కొడితే కిందికి దూకేది. ఈయనకి ముందు కొలిచింది ఓ పహిల్వాన్‌ని. ఆయన నడుము వచ్చి ఈయన వరుసలో పడింది. నాలుగు ప్యాంట్లు!"

"మరి వెనక్కివ్వలేదా?"

"ఇంకొక్క తప్పు దొరికితే నన్ను పని మానిపిస్తానని ఓనరు అప్పటికే అన్నారు. అది తెలిసి మీ బాబాయ్‌గారు, నాకు గాలాడాలి అంటూ పట్టుకెళ్లిపోయారు. వేరే దుకాణంలో నడుము బిగువు చేయించుకుంటే మా ఓనరు చెవిన పడుతుందని అదీ మానేశారు."

కొత్తమ్మాయి గుమ్మంలో నిలబడ్డ బాబాయ్‌ని భుజం పట్టి వెనక్కి తిప్పింది.

"ఎక్కడికమ్మా?"

"లోపలికి. ఇప్పుడు పట్టిక సరిగ్గా ఉంది, కొలత ఇచ్చి రండి."

మరుసటి వారం బాబాయ్ సరిపోయిన ప్యాంటుతో వచ్చాడు. ఆఫీసంతా చప్పట్లు. మేనేజరు నవ్వుతూ చెయ్యి చాచాడు. బాబాయ్ కుడి చెయ్యి సర్రున నడుము దగ్గరికి పోయి అతుక్కుంది, ఎడమ చెయ్యి సెల్యూట్ కొట్టింది.

కొత్తమ్మాయి నోరు తెరిచేలోపే బాబాయ్ అన్నాడు: "ఇది తప్పు కాదు."