కాటా మీద మా అన్న

పంతొమ్మిది వందల యాభైలలో మాట. మా అన్న భారీ మనిషి. బొడ్డు దగ్గర హెర్నియా కోయాలంటే బరువు తగ్గాలని, మలంలో నెత్తురు పడుతోంది కనుక ముందు మలద్వారంలో వేలు పెట్టి పేగు పరీక్షించాలని కర్నూలు డాక్టరు అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. “ఏమప్పా, కోసేది బొడ్డుకాడ అయితే యాడాడో సూసేదేంది? అవి మొలలు!” అని అరిచాను.

“సూడనీలేరా, పోయేదేముండాది?” అన్నాడు అన్న. వినకుండా మా ఊరు పత్తికొండకు లాక్కొచ్చాను.

వారం వారం వేరుశనగ బస్తాలు తూచే కాటా ఎక్కించేవాణ్ణి. బరువు తగ్గినప్పుడల్లా “శానా తగ్గినావన్నా!” అని చప్పట్లు కొట్టేవాణ్ణి.

“ఆకలే అయితాలేదురా” అనేవాడు.

“మంచిదే కదన్నా!”

ఆపరేషన్‌కని మళ్లీ తీసుకెళితే, ఆ డాక్టరే పరీక్షించి, “పేగులో రాచపుండు. ముదిరిపోయింది” అన్నాడు.

కాటా మీద నవ్విన అన్న ముఖం గుర్తొస్తే, చప్పట్లు కొట్టిన ఈ చేతులు నరుక్కోవాలన్నంత కోపం వస్తుంది.