రెండో సిస్టమ్‌లో మూయని ఉత్తరం

ఊళ్ళోకి ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో రామచంద్రపురంలో నేనొక నెట్ సెంటర్ నడిపేదాన్ని. నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన టీచర్ గారు వారానికి రెండుసార్లు సాయంత్రం వచ్చి రెండో సిస్టమ్ దగ్గర కూర్చునేవారు. ఆవిడ భర్త పోయి ఆరేళ్ళయింది. బావగారి ఇంట్లోనే ఉండేవారు.

"నేను రాసింది ఇంకెవరైనా చదువుతారా అమ్మాయ్?" అని మొదటిరోజే అడిగారు.

"రాసినదంతా కోడ్‌లోకి మార్చి పంపే మెయిల్ ఒకటుందండి. అవతలివాళ్ళకీ అందులోనే అకౌంట్ ఉండాలి. అప్పుడు ఆ కంపెనీ వాళ్ళు కూడా చదవలేరండి."

"మరి నువ్వో?"

"నేనెలా చదువుతానండీ!" అని నవ్వాను.

ఒకరోజు స్కూల్ అటెండరు వచ్చి హెడ్మాస్టర్ గారు పిలుస్తున్నారని చెబితే, ఆవిడ గబగబా లేచి వెళ్ళిపోయారు. సైన్ అవుట్ చేయలేదు. మూసేద్దామనే వెళ్ళి కూర్చున్నాను. మూయలేదు. చదివాను. ఒకటి కాదు, ఉన్నవన్నీ చదివాను.

కాకినాడలో గుమాస్తాగా పనిచేసే ఒకాయనకు రాసిన ఉత్తరాలవి. ఆయనకూ భార్య లేదు. పెళ్ళి మాట ఎత్తింది ఆయనే. "బోర్డు వైపు తిరిగి లెక్క వేస్తుంటే మీ ఉత్తరం గుర్తొచ్చి నవ్వొస్తోంది. పిల్లలు చూస్తారేమోనని అలాగే నిలబడిపోతున్నాను" అని ఆవిడ రాశారు.

కోడ్ దారి పొడవునా తన పని చేసింది. చదవడానికి తెరిచాక మాత్రం తెర ముందు ఎవరు కూర్చుంటే వాళ్ళ కళ్ళబడుతుంది. ఆ మాట నేను ఆవిడకు చెప్పలేదు.

ఆ రాత్రి అన్నం తింటూ ఆ సంగతి మా అమ్మతో అనేశాను. "పాపం, మంచిదే కదే" అంది అమ్మ. ఆ మంచినే పక్కింట్లో చెప్పింది. పది రోజుల్లో టీచర్ గారి బావగారు స్కూలు వరండాలో నిలబడి, పిల్లలందరూ వింటుండగా ఆవిడ మీద కేకలు వేశారు.

మర్నాడు ఆవిడ సెంటర్‌కి వచ్చారు. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆ కంపెనీ వాళ్ళు చదివి ఉంటారా?"

"నెట్‌లో దేన్నీ నమ్మలేమండి" అన్నాను.

"కాదులే. ఆయనే ఎవరితోనో చెప్పుకునుంటారు" అంటూ అకౌంట్ తీసేయించారు. నా చేతులతోనే తీసేశాను.

నెల తర్వాత ఒకాయన వచ్చారు. తెల్లచొక్కా, చేతిలో గొడుగు. "కాకినాడ నుంచి వచ్చానండి. టీచర్ గారు ఇక్కడి నుంచే రాసేవారట. ఉత్తరాలు ఆగిపోయాయి. ఇంటికెళ్తే ఆవిడకే ఇబ్బందని ఇక్కడికొచ్చాను. ఆరోగ్యం బాగానే ఉందాండి?"

"బాగానే ఉన్నారండి" అన్నాను. ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఆ దణ్ణాన్ని మాత్రం తట్టుకోలేకపోయాను.

ఆ సాయంత్రమే స్కూలుకి వెళ్ళాను. టీచర్ గారు స్టాఫ్ రూములో ఒక్కరే కూర్చుని నోట్సులు దిద్దుతున్నారు. జరిగిందంతా చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టలేదు. చేతిలో ఉన్న నోట్సు చివరిదాకా దిద్ది అప్పుడు తలెత్తారు.

"నేను ఆయన్ని అనుమానించానమ్మా" అన్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మళ్ళీ మా సెంటర్‌కి రాలేదు. మరుసటి ఏడు కాకినాడ వైపు ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని వెళ్ళారని విన్నాను. ఆ పెళ్ళి అయిందో లేదో ఎవరినైనా అడగొచ్చు. అడిగే మొహం నాకు లేదు.