ఎరుపుకి వదిలిన చోటు

బందరులో మా నలుగురి రాక్ బ్యాండుకి డ్రమ్స్ వాయించేవాణ్ణి నేనే. గిటారు వాయించే శీను మాతో ఒక్క మాటైనా అనకుండా, గది కిటికీలకి దుప్పట్లు కట్టుకుని, ఒక్కడే కూర్చుని సోలో ఆల్బమ్ చేసేశాడు. క్యాసెట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒళ్ళు మండి మూడు నెలలు వినలేదు. అలాగని సంచీలోంచి తీసి అవతల పెట్టనూ లేదు.

ఓ మధ్యాహ్నం గుడివాడ వెళ్ళే పాసింజర్లో ఉన్నాను. పెడనలో ఎక్కిన పెద్దాయన నా పక్కన కూర్చున్నారు. ఒళ్ళో కలంకారీ బట్టల మూట, గోళ్ళనిండా ఎర్రరంగు. నా సంచీలో వాక్‌మన్, క్యాసెట్ చూసి, "ఏం పాటలండీ?" అన్నారు.

"మా ఫ్రెండు చేసిన ఆల్బమండీ. నేనింకా వినలేదు."

"వినకుండానే మోసుకు తిరుగుతున్నారా?"

సిగ్గేసింది. క్యాసెట్ పెట్టి, ఒక ఇయర్‌ఫోన్ ఆయనకిచ్చాను. గిటారు, శీను గొంతు, అంతే. డ్రమ్స్ లేవు. చరణానికీ చరణానికీ మధ్య పాట కాసేపు ఆగిపోతోంది. రెండో పాటకల్లా, ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా ఆయన బట్ట మీద అద్దే చెక్క అచ్చుని కొట్టినట్టు పిడికిలితో మూట మీద కొడుతున్నారు.

"మీవాడు ఎవరికో చోటొదిలాడండీ," అన్నారు. "మేం నల్ల అచ్చు వేసేటప్పుడు తర్వాత వేసే ఎరుపుకి చోటు వదుల్తాం చూడండి, అలాగ."

నేను డ్రమ్స్ వాయిస్తానని ఆయనకి చెప్పలేదు. గుడివాడలో ఆయన మూట భుజానేసుకుని వెళ్ళిపోయారు. నేను వచ్చిన పని వదిలేసి తిరుగు బండెక్కాను. బందరులో దిగి ముందు మా ఇంటికి, అక్కణ్ణించి శీను గదికి వెళ్ళాను.

శీను తలుపు తీసి, నా చేతిలోని డ్రమ్ము కర్రల వంక చూశాడు.

"వినడానికి మూడు నెలలు పట్టిందేంట్రా?" అన్నాడు.