రిసిమాటి చెయ్యెత్తాడు

మోట్లాట్సే లోయ అంచున ఉన్న మా లాడ్జికి వచ్చేవాళ్లలో సగం మంది కింద అడవిలో జంతువులను చూసి వచ్చేవాళ్లే. నాలుగైదు రోజులు తెల్లవారకముందే లేచి, జీపుల్లో ఒళ్లు హూనం చేసుకుని, ఆ తరువాత మా దగ్గర సేద తీరతారు. వాళ్లను కొండదారుల్లో నడిపించేవాడు ఎల్ఫాస్ మొగానే. నేను అక్కడ వంటమనిషిని. పదకొండేళ్లు అతనికి మొక్కజొన్న సంకటి వడ్డించాను. అంతకుముందు అతను కింద అడవిలో జీపు నడిపాడని తెలుసు గాని, ఎందుకు మానేశాడో ఎన్నడూ చెప్పలేదు. అడిగితే, "ఇక్కడ గాలి బాగుంటుందక్కా" అనేవాడు.

ఒక ఏప్రిల్ నెలలో, ఇటలీ నుంచి వచ్చిన పెద్దావిడ నడక ముగించుకుని, వరండాలో బూట్లు విప్పుకుంటూ అతని కాళ్ల వంక చూసి నవ్వింది.

"ఆయన చెప్పింది నిజమే. నువ్వు కుడికాలు ఈడుస్తావు."

"ఎవరు చెప్పారమ్మా?"

"కింద అడవి గేటు బయట ఒంటికాలి ముసలాయన ఉన్నాడు. మాకు ఇసుకలో అడుగుజాడలు చదవడం నేర్పాడు. లోయకు వెళ్తున్నామంటే, అక్కడ ఎల్ఫాస్ అనేవాడు ఇంకా కాలు ఈడుస్తున్నాడేమో చూడమన్నాడు."

ఎల్ఫాస్ ఆవిడకు ఏం జవాబు చెప్పాడో నాకు వినపడలేదు. వంటగదిలోకి వచ్చి పిండిబస్తా మీద కూలబడ్డాడు. గిన్నెలు కడుగుతున్న నాకు ఆ రోజు అంతా చెప్పాడు.

ఆ ముసలాయన పేరు రిసిమాటి ఎన్గొబేని. జీపు బానెట్ ముందు బిగించిన కుర్చీలో కూర్చుని జంతువుల జాడ తీసేవాడు. వెనక స్టీరింగు పట్టేది ఎల్ఫాస్. తొమ్మిదేళ్లు వాళ్లది ఒకటే జోడీ. ఒక ఉదయం మదమెక్కిన ఏనుగు దారికి అడ్డం వచ్చింది. వెనక్కి పొమ్మని రిసిమాటి చెయ్యెత్తాడు. ఎల్ఫాస్ చూశాడు. కానీ వెనక సీట్లలోని వాళ్లు "ఇంకొక్క ఫొటో, ఒక్కటే" అంటున్నారు. వాళ్ల ముందు పిరికివాడిలా కనపడటం ఇష్టంలేక బండిని కదపలేదు. ఏనుగు వచ్చి జీపును చెట్టుకేసి నెట్టింది. రిసిమాటి మోకాలి కింద ఎముక పిండయింది.

విచారణ నాటికి ఫొటోలవాళ్లు విమానమెక్కి వెళ్లిపోయారు. ఎల్ఫాస్ కాగితం మీద ఇలా రాసి సంతకం చేశాడు: రిసిమాటి చెయ్యెత్తలేదు, ముందురోజు మారులా పండ్ల కల్లు తాగినట్టున్నాడు.

"నీ బతుకు చెడ!" అన్నాను. "ఇన్నాళ్లూ నా చేతి సంకటి ఎలా దిగిందిరా నీ గొంతులో?"

"దిగలేదక్కా. మింగానంతే."

"రేపు సెలవు పెట్టు. నేనూ వస్తాను. ఒక్కణ్ణే పంపితే దారిలోనే దిగిపోతావు."

రెండు టాక్సీలు మారి మధ్యాహ్నానికి ముసలాయన ఇంటికి చేరాం. రిసిమాటి భార్య త్సాత్సవాని వాకిట్లో వేరుశనగలు వలుస్తోంది. ఎల్ఫాస్ టోపీ తీసి ముంగిటే చతికిలబడ్డాడు. కర్ర టకటకలాడిస్తూ ముసలాయన బయటికొచ్చాడు.

"ఎవరూ, కొండదొరగారా? పైన చల్లగా ఉంటుందటగా. ఒళ్లు బాగానే చేశావు."

"అన్నా..."

"అన్నంట! పదకొండేళ్లకు గుర్తొచ్చానా?" కుర్చీలో కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. "కాలు తీసింది ఏనుగు. దాని మదం దానిది, దాని మీద నాకు కోపం లేదు. నువ్వు నా పేరు తీశావురా."

"నువ్వు చెయ్యెత్తావన్నా. నేను చూశాను."

"నాకెందుకు చెబుతావ్? నాకు తెలియదా? ఆమెకు చెప్పు."

త్సాత్సవాని చేతులు ఆగిపోయాయి. ఎల్ఫాస్ ఆమె వైపు తిరిగి, తల ఎత్తకుండానే మొత్తం చెప్పాడు. ఆయన ముందురోజు తాగలేదనీ, ఆ కల్లు మాట తానే పుట్టించాననీ చెప్పాడు. ఆమె భర్త వైపు తిరిగి అడిగింది.

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా?"

"చెప్పాను కదే. ఏడాదిపాటు రోజూ చెప్పాను. తాగి కాలు పోగొట్టుకున్నావని నువ్వన్నప్పుడల్లా చెప్పాను. ఆ తరవాత విసుగొచ్చి మానేశాను."

ఆమె చాట అక్కడే వదిలేసి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మాకు మంచినీళ్లిచ్చింది రిసిమాటే. కర్ర చంకలో పెట్టుకుని, చెంబు తొణకకుండా తెచ్చాడు. నేను లేవబోతే కూర్చోమన్నాడు.

ఆ వారమే ఎల్ఫాస్ అడవిలో జీపులు తిప్పే కంపెనీ ఆఫీసుకు వెళ్లాడు. అక్కడ పాతవాళ్లెవరూ లేరు. యజమానులు మారారు, పాత కాగితాలు ఎప్పుడో పారేశారు. కొత్త మేనేజరమ్మ ఓపిగ్గా విని, "ఇప్పుడు నన్నేం చేయమంటారు?" అని అడిగింది. నిజం రాసిస్తానని ఎల్ఫాస్ అంటే ఒక తెల్లకాగితం ఇచ్చింది. రాసి ఇచ్చాడు. ఆమె దాన్ని సొరుగులో పెట్టింది.

ఇప్పటికీ నెలకోసారి అతను రిసిమాటి ఇంటికి వెళ్తాడు. ఇద్దరూ చిరుతల గురించీ, ఆ ఏటి వానల గురించీ మాట్లాడుకుంటారట. ఆ ఉదయం మాట మాత్రం ఎత్తరు. త్సాత్సవాని అతను వెళ్లేదాకా గడప దాటి రాదు.

"ఆమెకు నీ మీద కోపం తగ్గలేదా?" అని ఒకసారి అడిగాను.

"నా మీద కాదక్కా," అన్నాడు ఎల్ఫాస్. "తన మొగుణ్ణి తానే నమ్మలేదని. అది కూడా నేను చేసిందే."