రేపు వస్తనన్న బులెటిన్

మా ఆయన లింగన్నకు టీవీలు బాగుచేయడం పని, హ్యామ్ రేడియో పిచ్చి. కోరుట్లలో మా ఇంటి వెనక గదిలో ఓ పాత కంప్యూటరును రేడియో సెట్టుకు తగిలించి, ఫోను తీగ లేకుండా జగిత్యాల, సిరిసిల్ల దోస్తుల ఇళ్లలో ఉన్న ఇలాంటి పెట్టెలకే కబుర్లు పంపేవాడు. అందరూ చదవాల్సిన కబురు బులెటిన్. ఏ రకం బులెటిన్ ఎన్నాళ్లు ఉండాలో, ఎటు పోవాలో పెట్టెకు ఆయనే నేర్పాలి. ఇంట్లో ఉప్పుందో లేదో తెలియని మనిషికి అవన్నీ కంఠతా వచ్చు.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగాయి. సిరిసిల్లలో మరమగ్గం నడిపే హన్మంతు ఈయనకు రేడియోలో కలిసిన దోస్తు. సమ్మె పనిమీద వచ్చి మా ఇంట్లో చిక్కుకున్నాడు. ఒక సాయంత్రం మా పెట్టెమీంచి, సిరిసిల్లలో తన ఇంట్లోని పెట్టెకు, భార్య చదివేలా తనే కబురు కొట్టాడు: "జమునా, రేపు వస్త. ఇంటికాడనే ఉండు." దారిలోని దోస్తులకూ తెలియాలని దాన్ని బులెటిన్‌గానే పెట్టాడు. తెల్లారి ఎవరిదో బండి అడిగి బయల్దేరాడు. రుద్రంగి దాటాక రోడ్డుకు అడ్డంగా పడున్న చెట్టు మొద్దుకు గుద్దుకుని అక్కడే పోయాడు.

పాత బులెటిన్లు వాటంతటవే చెరిగిపోతాయి. దోస్తు రాసిన ఆ ఒక్క ముక్క పోకూడదని మా ఆయన దాన్ని బస్సుల కబుర్లలోకి మార్చాడు. ఆ రకం చెరగదు. కానీ రోజూ సాయంత్రం కొత్త తేదీతో మళ్లీ అన్ని పెట్టెలకూ పోతుంది. ఏడుస్తూ చేసిన పని, రోజూ పోతుందన్న సంగతే మరిచిపోయాడు.

మూడోనాడు సిరిసిల్లలో పిట్టకు పెట్టారు, కాకి తినాలని ముద్ద. కాకి ముట్టలేదు. పోయిన మనిషి మనసు ఇంకా దేనిమీదో ఉంటే కాకి ముట్టదంటారు. తర్వాత జమున ఫోన్ చేసింది.

"లింగన్నా, ఆయన దినాం రాస్తున్నడు. రేపు వస్త అంటున్నడు. ఇల్లిడిసి ఎట్ల పోను?"

కొడిమ్యాల నుంచి తమ్ముడు వచ్చి తీసుకుపోతానంటే కదలడం లేదట. తలుపు వేయనివ్వదట, అన్నం ముట్టదట.

తను చేసిన పని అప్పుడు గుర్తొచ్చింది మా ఆయనకు. ఆ బులెటిన్‌ను చెరిపాడు, పెట్టె గుర్తుపెట్టుకున్న దాని నంబరు కూడా తీసేశాడు. మర్నాడు దీపాలవేళ రేడియో కిచకిచలాడింది. తెరమీద హన్మంతు పేరు. "రేపు వస్త." ఈసారి హన్మంతు పెట్టెనుంచే వచ్చింది. చెరిపాడు. మర్నాడు మళ్లీ వచ్చింది. నేను ఆ గదికి గొళ్లెం పెట్టేశాను.

"దయ్యం కాదే," అన్నాడు మా ఆయన. "సిరిసిల్ల పెట్టెల దీని నకలున్నది. నేను నంబరు గూడ చెరిపిన. గందుకే మన పెట్టె కొత్తదనుకొని తీస్కుంటున్నది."

నంబరు గుర్తుంటే పెట్టె వద్దంటుందట. పూర్తిగా మరిచిపోతే మళ్లీ రానిస్తుందట. నంబరు తిరిగి ఎక్కించాడు. మాకు రావడం ఆగింది గానీ జమున తెరమీద ఆ కబురు అలాగే ఉంది.

"మరి జమునకు చెప్పు," అని కసిరాను.

"చెప్తే, దినాం వస్తున్న మొగన్ని నేనే గుంజుకున్నట్టయితది."

"గుంజుకో. బతికున్నదాన్ని గూడ సంపుతవా?"

పెద్దకర్మ నాడు ఇద్దరం బండిమీద సిరిసిల్ల పోయాం. తలుపు బార్లా తెరిచే ఉంది. రేడియో పక్కన హన్మంతు కోసం మూతపెట్టిన కంచం ఉంది. మా ఆయన జమున ముందు కూలబడ్డాడు.

"చెల్లె, దినాం రాసింది ఆయన కాదు. పంపింది నేనే."

జమున తెర వంక చూసింది. ఏడవలేదు. లేచి పెట్టె స్విచ్ ఆపేసింది.

మళ్లీ పిట్టకు పెట్టారు. కాకులు గోడమీద వాలాయి గానీ ఒక్కటీ దిగలేదు. పోయినవాడి మనసు కుదుటపడాలని, మగ్గం అమ్మబోమని జమున అత్త చెప్పింది, అక్కను చూసుకుంటానని తమ్ముడు చెప్పాడు. అవి కదల్లేదు. అప్పుడు జమున ముందుకొచ్చింది.

"రేపు వస్తనన్నవు. నేను ఇంటికాడనే ఉన్న. ఇగ రాకు. నేను తమ్మునితోని కొడిమ్యాల పోతున్న."

ఒక కాకి దిగి ముద్ద ముట్టింది. అప్పుడు ఏడ్చింది జమున.