ఉత్తరపు గట్టు మీద మొదటి చెంబు

నేను కోటేశ్వరమ్మను. నా వయసు ఎవరూ రాసిపెట్టలేదు. పెద్ద తుపాను నాటికే నాకు ఇద్దరు పిల్లలు. పెద్దకొడుకు ఇంట్లో ఉంటున్నాను. మిరప, పత్తి మా వ్యవసాయం. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. గుంటూరు కాలేజీ మేష్టారు గుండె ఆగి పోయారని కబురు వచ్చినప్పుడు కల్లంలో కాయలు తిరగేస్తున్నాను. ఆయన అడిగిన ఒక్క ఆదివారం నేను ఇవ్వలేదు.

మేష్టారిది విచిత్రమైన చదువు. రాజుల సంగతి అడగరు. జరిగిపోయినదాన్ని మనుషులు ఎలా గుర్తుపెట్టుకుంటారో, ఎవరి మాట నమ్ముతారో తెలుసుకోవడమే ఆయన పరిశోధన. కూలివాళ్ల పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ వినేవారు. "చేతులు ఊరికే ఉంటే నోరు బిగుసుకుంటుందమ్మా" అనేవారు. ఆ చేతుల్తోనే కళ్లు నులుముకునేవారు. "ఏంది మేష్టారూ, ఇంత చదువు చదివి మిరపకాయ ముట్టిన చేత్తో కళ్లు ముట్టకూడదని తెలీదా!" అని మజ్జిగలో తడిపిన గుడ్డ ఇచ్చేదాన్ని. మళ్లీ వారం వచ్చినా అదే పని.

ఎవరేం చెప్పినా ఆయన ప్రశ్న ఒక్కటే: "ఇది మీకెవరు చెప్పారు?"

మా ఊరి మంచినీళ్ల బావి మా అత్త తన గాజులమ్మి తవ్వించింది. గట్టు మీది రాతిపై ఆమె పేరుంది. కూలి వీధి మరియమ్మ మాత్రం, తవ్వింది తమవాళ్లేననీ, మట్టిపెళ్లలు విరిగిపడి తన తండ్రి అందులోనే పోయాడనీ మేష్టారికి చెప్పిందట. నాకు ఒళ్లు మండింది.

"రాయి మీద ఉన్నదే నిజం" అన్నాను.

"రాయి మీద ఏముందో మీరు చదివారా అమ్మా?"

"నాకు చదువెక్కడిది? మా అత్త చెప్పింది."

"మరియమ్మకు వాళ్లమ్మ చెప్పింది" అన్నారాయన, తొడిమ తీస్తూ.

ఇక మా కల్లం తొక్కొద్దన్నాను. ఊరంతా విన్నది. పై వారం ఆయన దారిలోనే నిలబడి అడిగారు: "ఒక ఆదివారం మీరిద్దరూ బావి గట్టున కూర్చుని ఎవరి మాట వాళ్లు చెప్పండి. తప్పెవరిదో నేను తేల్చను. వింటాను, అంతే."

"నేనూ మరియమ్మా ఒకే గట్టు మీదా? కోతలయ్యాక చూద్దాం పొండి" అన్నాను. నా నోట చూద్దాం అంటే రాననే అర్థమని ఆయనకూ తెలుసు.

వెళ్లబోతూ ఆగి, "పొద్దున బావి దగ్గర మొదటి చెంబు ఉత్తరపు గట్టు మీద పోస్తారెందుకమ్మా?" అన్నారు.

"మా అత్త పోసేది. నేనూ పోస్తున్నా."

"ఆవిడ ఎందుకు పోసేదో అడిగారా?"

"అత్తను అడిగే కోడలెక్కడుందయ్యా!"

నవ్వి వెళ్లిపోయారు. అదే ఆఖరు.

కబురొచ్చిన మర్నాడు నేనే మరియమ్మ గుమ్మం ముందుకు వెళ్లాను. "ఏమ్మా, మేష్టారు బతికుండగా రమ్మంటే రాకపోతివి, ఇప్పుడొచ్చావా!" అంది. ఆ మాట పడ్డాను.

"మీ నాన్న బావిలో ఏ వైపున పోయాడు?"

"ఉత్తరం వైపు. మా వీధిలో పిల్లలక్కూడా తెలుసు."

అత్త నోటితో చెప్పనిది చెంబుతో చెప్పింది. ఇన్నేళ్లూ నేనూ పోస్తూనే ఉన్నాను, ఎందుకని ఒక్కనాడూ అనుకోలేదు. మేష్టారు పోల్చుకున్నారు. అయినా అది నా నోటే రావాలని ఆగారు. ఆగమన్నదాన్ని నేనే, ఆయన ప్రాణం ఆగలేదు. ఈ మాట ఆయన భార్య ముఖం చూసి చెప్పలేక, కాలేజీవాళ్లు ఆయన మీద వేసే పుస్తకానికి రాయిస్తున్నాను.

నిన్న ఆదివారం మేమిద్దరం గట్టున కూర్చున్నాం. ముందు ఆమెనే చెప్పమన్నాను. మొదలుపెట్టబోయి, "మేష్టారుంటే ఇక్కడ కూర్చునేవారు" అని కాస్త పక్కకు జరిగింది. ఇద్దరి మధ్యా చోటు మిగిలింది.

లేచేటప్పుడు చెంబు ఆమె చేతికిచ్చాను. ఉత్తరపు గట్టు మీద పోసింది. నీళ్లు పారి రాతి మీదికి వచ్చాయి. ఏది ఏ అక్షరమో మా ఇద్దరికీ తెలియదు. అన్నిట్లోనూ నీళ్లు నిలిచాయి.

ఇది కోటేశ్వరమ్మ వేలిముద్ర.
చూసినవాళ్లు: మరియమ్మ, వేలిముద్ర; మనవరాలు సుజాత, చేవ్రాలు.